కిస్తు మా మాటే

మా ఇళ్ళల్లో లారీని లారీ అనరు, గాడీ అంటారు. ‘గాడీ ఆయీ’ అంటే ఆ పూట పొయ్యి మీద బిర్యానీ కాకపోయినా కుష్కా అన్నా ఎక్కుతుందని లెక్క. ‘గాడీ ఖడీ హై’ అంటే లోడు లేదని, పాలాయన దగ్గర్నుంచి పిల్లలకు ఖురాన్ చెప్పే హజ్రత్ దాకా అందరికీ రేపు మాపు అని చెప్పాల్సిందేనని అర్థం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ పడమటి మండలాల్లో ఒక్కటే బండి కొనుక్కుని దాన్ని తామే తోలుకునే సాయిబుల ఇళ్ళల్లో పెరిగినోళ్ళం మేము. తెలుగు కథల్లో సాయిబంటే జట్కా తోలేవాడో అత్తరమ్మేవాడో. స్టీరింగు పట్టిన సాయిబు మాకు అందులో సరిగ్గా కనబడలేదు. నాలుగక్షరాలు నేర్చుకుని పత్రికల్లో చేరిన మేము కూడా చాన్నాళ్ళు యాక్సిడెంటు వార్తల్లో తప్ప ఆయన్ని రాయలేదు.

ఒంటి లారీ మనిషి కష్టకాలంలో ఎట్లా నిలదొక్కుకుంటాడో తెలియాలంటే ముందు ఒక ట్రిప్పు లెక్క చూడాలి. నీరుగట్టువారిపల్లె మార్కెట్ యార్డులో టమాటా ఎత్తుకుని మద్రాసు కోయంబేడులో దించి రావాలంటే రానూ పోనూ ఐదొందల కిలోమీటర్లు. ఆరు చక్రాల బండి లీటరుకి ఆరు కిలోమీటర్లు ఇస్తే ఎనభై లీటర్ల పైన డీజిలు. లీటరు వందకు అటూ ఇటూ. అంటే ఎనిమిది వేలు రోడ్డు మీదే కాలిపోయినట్టు. టోలు, బ్రోకరు కమీషను, మామూళ్ళు, బత్తా దీని మీద. పోయేటప్పటి కిరాయితో ఇవన్నీ తీరతాయి గానీ కిస్తుకి మిగలదు. కిస్తు డబ్బు పుట్టేది రిటర్ను లోడులోనే. అది దొరికేదాకా మాధవరంలో రెండు రోజులు పడుండాలా, ఖాళీగా వచ్చి రేపటి టమాటా అందుకోవాలా? మా పెద్దోళ్ళు బతుకంతా లెక్క వేసుకున్నది ఇదే.

పొదుపు అంటే వాళ్ళకు చాలా రకాలు. ఆంధ్రాలో వ్యాటు మీద మళ్ళీ లీటరుకింత అని అదనంగా గుంజుతారు గనక ట్యాంకు కర్ణాటక సరిహద్దు దాటాకే నింపుతారు. అరిగిన టైర్లకు రీట్రేడింగు చేయించి వెనకకు వేసి, ఉన్నవాటిలో మంచివి ముందుకు మారుస్తారు. హోటల్లో తినకుండా క్యాబిన్లో స్టవ్వు పెట్టుకుని అన్నం, ఖట్టా వండుకుంటారు. అన్నిటికన్నా ముందు తెగేది క్లీనరు జీతం. క్లీనరు పోయి ఆ సీట్లోకి కొడుకో తమ్ముడి కొడుకో వస్తాడు. మా బంధువుల్లో పదో తరగతి దాటని మగపిల్లలను లెక్కబెడితే వాళ్ళు బడి మానేసిన సంవత్సరాలు డీజిలు రేటు పెరిగిన సంవత్సరాలతో సరిపోతాయి. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచారు. 2014 అక్టోబరులో సర్కారు చేతులు దులుపుకుంది. 2017 జూన్ నుంచి రేటు ఏరోజుకారోజు. కిరాయి మాత్రం రోజూ మారదు.

మూడు ఊళ్ళకూ మూడు రకాల లోడు. మదనపల్లెకు టమాటా, పుంగనూరుకు చింతపండు, కుప్పానికి ‘కుప్పం గ్రీన్’ అని పేరుబడ్డ గ్రానైటు రాయి. అనంతపురం నుంచి కృష్ణగిరికి పోయే 42వ నెంబరు జాతీయ రహదారి మూడింటినీ కలుపుతుంది. తెలివైన ఒంటి లారీ మనిషి ఒక సరుకును నమ్ముకోడు. టమాటా పడిపోతే చింతపండుకి, అదీ లేకుంటే జూన్లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి మామిడికి పోతాడు. 2025 వేసవిలో ఆ మామిడి కూడా చెయ్యిచ్చింది. ఫ్యాక్టరీల ముందు లారీలు, ట్రాక్టర్లు రోజుల తరబడి వరసల్లో నిలబడ్డాయి. రైతు నష్టం పత్రికల్లో వచ్చింది. మేమూ రాశాం. లోడుతో నిలబడ్డ బండికి హాల్టింగు డబ్బులు ఎవరిస్తారని ఒక్కరూ అడగలేదు. 2023 జూలైలో కిలో టమాటా రెండొందల దగ్గరికి పోయినప్పుడు అందరూ మా వాళ్ళు బాగుపడ్డారనుకున్నారు. సరుకు ధర పెరిగితే కిరాయి పెరగదు, కాపలా పెరుగుతుంది. పైగా సరుకు తక్కువ గనక ట్రిప్పులూ తక్కువే. 2018 జూలైలో కేంద్రం పది చక్రాల లారీ మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచినప్పుడూ ఇంతే. ఎక్కువ మోస్తే ఎక్కువ వస్తుందనుకున్నారు. అదే సరుకుకి తక్కువ బండ్లు చాలు గనక కిరాయే దిగింది.

ఇక అప్పు సంగతి. ఇక్కడికొచ్చేసరికి మా సాయిబు కష్టం మిగతా డ్రైవర్ల కష్టం నుంచి చీలుతుంది. సూద్ హరామ్. ఇవ్వడమూ పాపమే, తీసుకోవడమూ పాపమే. ఫైనాన్సు లేకుండా లారీ రాదు. సూద్ లేకుండా ఫైనాన్సు లేదు. మా మామూ దీనికి కనిపెట్టిన దారి, ఆ మాటే నోటితో అనకపోవడం. ‘సూద్ బోలే తో గునా, కిస్తు బోలే తో కైకా గునా రే?’ అనేవాడు. వడ్డీ అంటే పాపం గానీ కిస్తు అంటే పాపం ఎట్లా అవుతుందని. నవ్వుతూనే అనేవాడు. కానీ జుమ్మా నాడు హజ్రత్ సూద్ గురించి బయాన్ మొదలుపెడితే ఆయన తల ఎత్తేవాడు కాదు.

ఒకసారి కూర్చుని చూసుకుంటే మాకు విచిత్రం అనిపించింది. కిస్తు, బాకీ, జామీను, కిరాయి, బయానా, వసూలు, దస్తావేజు, జప్తు. లారీ ఆఫీసులో రెడ్డి అన్నా, నాయుడు అన్నా తెలుగే అనుకుని వాడే ఈ మాటలన్నీ మా దస్తర్‌ఖాన్ మీద నుంచి లేచిపోయినవే. అప్పు మాటలన్నీ మావి. అప్పిచ్చే ఇల్లు మాత్రం మాది కాదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ‘నెగెటివ్’ అని గీతగీసి అప్పు సరిగ్గా ఇవ్వడం లేదని 2006లో సచార్ కమిటీ రాసింది. మా వాళ్ళు ఆ రిపోర్టు చదవలేదు. మొహల్లా పేరు చెప్పగానే మేనేజరు కాగితాలు పక్కన పెట్టడం మాత్రం చూశారు. అందుకే తక్కువ వడ్డీ బ్యాంకు వదిలేసి ఎక్కువ వడ్డీ ప్రైవేటు ఫైనాన్సుకి, అదీ పాత బండి మీదికి పోయారు. హరామ్ తప్పదన్నప్పుడు అది కూడా మిగతావాళ్ళ కన్నా ఎక్కువ ధరకే మాకు దొరుకుతుంది!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కూరగాయల బండ్లు తిరగొచ్చన్నారు గానీ మెకానిక్కు షాపులు లేవు, దాబాలు లేవు. అదే సమయంలో ఢిల్లీ మర్కజ్ వార్తలు. టీవీలు రోగానికి టోపీ పెట్టేశాయి. దించే చోట డ్రైవరు పేరడిగి, దిగకుండా క్యాబిన్లోనే ఉండమన్నవాళ్ళున్నారు. కిస్తులకు ఆరు నెలల వాయిదా ఇచ్చారు. వాయిదా పడ్డ నెలలకూ వడ్డీ నడిచింది. ఆగస్టుతో వాయిదా అయిపోయింది. మామూ నాలుగు కిస్తులు తప్పాడు. 2021 మొదట్లో టమాటా లోడుతో పోతుంటే టోలుగేటు దాటాక బైకుల మీద వచ్చిన మనుషులు బండి ఆపి తాళాలు లాక్కున్నారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. గూండాలను పెట్టి బండ్లు లాక్కోవడం తప్పని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది గదా అని మేము ఫోన్లో అంటే, ‘బేటా, కోర్టు ఢిల్లీ మే హై, టమాటా యహాఁ హై’ అన్నాడు. సరుకు వేరే బండికి మార్చేసరికి సగం నీళ్ళు కారిపోయింది. మండీ వాళ్ళకు ఆ నష్టం కూడా ఆయనే కట్టాడు. బండి వేలంలో పోయింది.

మళ్ళీ నిలబెట్టింది మా ముమానీ. మగవాళ్ళ లెక్కల్లో ఎప్పుడూ కనబడని డబ్బు అది. మా మొహల్లా ఆడవాళ్ళు చిట్టీ వేస్తారు. పాట ఉండదు. పాట పాడితే సూద్ అవుతుందని, పేర్లు చీటీల మీద రాసి పిల్లతో తీయిస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళకు మొత్తం. ఇరవై మంది, నెలకింత. ఎవరికైనా ఆపద వస్తే పేరు రాకపోయినా వరస వదులుకుని వాళ్ళకే ఇచ్చేస్తారు. బట్టలు కుట్టిన డబ్బు, టమాటా ఏరిన కూలి, ఈదీ డబ్బులు అందులో పడతాయి. ఆ చిట్టీ, ఆమె చేతి గాజులు కలిపితే 2022లో పాత ఆరు చక్రాల బండికి అడ్వాన్సు అయింది. మిగతాది మళ్ళీ కిస్తులే. ఎఫ్‌సీకి ఆ ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన లారీకి 12,500 రూపాయలు చేశారు గనక పదమూడేళ్ళ బండి వెతికి కొన్నాడు.

ఒక్క లోడు మాత్రం కిరాయి ఎంతిచ్చినా ఎత్తడు. పశువులు. ఒకప్పుడు పుంగనూరు చుట్టుపక్కల సంతల నుంచి రైతుల ఎద్దులను దించిరావడం మా వాళ్ళకు మంచి ఆదాయం. 2015 అక్టోబరులో ఉధంపూర్ దగ్గర లారీ మీద పెట్రోలు బాంబు వేస్తే ఒక కశ్మీరీ కుర్రాడు కాలి చనిపోయాడు. ఆ లారీలో పశువులు లేవు. 2017లో అల్వార్‌లో పాడి ఆవులు కొనుక్కుని పోతున్న మనిషిని కొట్టి చంపారు. అవన్నీ దూరంగా జరిగాయి, మన చిత్తూరు అట్లా కాదు అంటారు మా హిందూ మిత్రులు. నిజమే కావచ్చు. లైసెన్సు మీద పేరున్నది మాది గనక మా వాళ్ళు ఆ నిజాన్ని పరీక్షించి చూడరు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న బొమ్మలు పత్రికల్లో వచ్చాయి. ఆ ఊరి సాయిబు ఆ ఊరి ఆవును పక్క ఊరికి ఎక్కించుకుపోలేడు. 1919లో జనగణమనకి టాగోరు ఇంగ్లీషు చేసింది మా మదనపల్లెలోనే అని చెప్పుకుని మురిసిపోతుంటాం. అది రోడ్డు మీద చూపించే కాగితం కాదు.

బండి అద్దం మీద 786, కింద నిమ్మకాయా మిరపకాయలూ. వెనక ‘మా కీ దువా’ అని తెలుగులో రాయించాడు. నిమ్మకాయ కట్టడం షిర్క్ అని జమాత్ కుర్రాళ్ళు తీసేయమంటారు. 786 ఎందుకు భాయ్, లోడు బ్రోకర్లు చూస్తారు, తీసేయ్ అని లారీ ఆఫీసు కుర్రాడు మంచి మాటగానే చెబుతాడు. దసరాకి హమాలీలతో కలిసి గుమ్మడికాయ కూడా కొడతాడు మామూ. రెండూ ఉండనీ, కిస్తులు అయ్యేదాకా ఎవరినీ కదిలించను అంటాడు. ఇంకా పద్నాలుగు ఉన్నాయి.