దృశ్యం, ద్రష్ట, డీజిల్ ఇంజను



వేదాంత విచారణలో దృగ్దృశ్య వివేకం తొలి సోపానం. చూడబడేది మారుతూ ఉంటుంది. చూసే చైతన్యం మారదు. ఈ సత్యాన్ని బోధించడానికి పూర్వాచార్యులు ఘటాన్ని, పటాన్ని, రజ్జుసర్పాన్ని దృష్టాంతాలుగా గ్రహించారు. పట్టాల మీద పరుగెత్తే ఒక జీర్ణయంత్రానికి కూడా ఆ వరుసలో చోటున్నదని చెబితే సాధకులు ఆశ్చర్యపడనక్కరలేదు.

నర్సీపట్నం పట్టణానికి రైలు రాదు. దాని పేరు మోసే నర్సీపట్నం రోడ్ స్టేషను ఊరికి చాలా దూరంలో, అడ్డరోడ్డు సమీపంలో, యలమంచిలికీ తునికీ నడుమ ఉన్నది. 1893 - 1896 సంవత్సరాల మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే నిర్మించిన తీరమార్గమే నేటి హౌరా - చెన్నై ప్రధానమార్గంలో భాగమైంది. ఆవిరి యంత్రాల వెనుక డీజిల్ యంత్రాలు ఈ దారిని ఏలాయి. 1965లో ఏర్పడిన విశాఖపట్నం డీజిల్ లోకోషెడ్డు దేశంలోని పెద్ద షెడ్డులలో ఒకటి. 1990వ దశకంలో విశాఖ - విజయవాడ మార్గమంతటా విద్యుత్ తీగలు విస్తరించాయి. నాటినుండి డీజిల్ ఇంజను ఈ దారిలో క్రమంగా అతిథి అయింది.

ఆ అతిథి కోసమే కొందరు యువకులు కెమెరాలతో ప్లాట్‌ఫారం చివర నిలబడతారు. ఎవరైనా పెద్దాయన చూసి, "ఎవరి కోసం బాబూ, బండి ఇంకా చాలాసేపటికి గానీ రాదు కదా?" అని అడిగితే, "బండి కోసం కాదు తాతగారూ, ఇంజను కోసం" అని నవ్వుతారు. గంటల నిరీక్షణ, దర్శనం మాత్రం నిమిషమైనా ఉండదు. ఆ ఇంజను సంఖ్య, దాని షెడ్డు, దాని పుట్టుక వారికి కంఠస్థం. వారు ప్రీతితో స్మరించే డబ్ల్యూడీఎం2 జాతి అమెరికాలోని స్కెనెక్టడీ నగరపు ఆల్కో సంస్థ రూపకల్పన. 1962లో మన దేశానికి వచ్చింది. 1964 నుండి వారణాసి కర్మాగారంలో తయారైంది. పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి. మాతృసంస్థ 1969లోనే స్కెనెక్టడీలో నిర్మాణం ఆపివేసింది. దాని సంతతి మాత్రం గంగాతీరంలో మరెన్నో ఏళ్ళు పుడుతూనే ఉన్నది.

ఇటువంటి ప్రీతి మన దేశానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో 'వెస్టర్న్' జాతి డీజిల్ ఇంజన్లకు 1977 ఫిబ్రవరి 26న 'వెస్టర్న్ ట్రిబ్యూట్' అనే వీడ్కోలు యాత్ర జరిపారు. అభిమానులు కాపాడుకున్న వాటిలో 'వెస్టర్న్ ఛాంపియన్' అనే ఇంజను 2002లో మళ్ళీ ప్రధానమార్గం మీద విహారయాత్రలను లాగింది. వెళ్ళిపోయేదానికి మర్యాదగా వీడ్కోలు చెప్పాలనే కోరిక మానవ హృదయానికి సహజం.

ఇక్కడ సాధకునికి ఒక సందేహం కలుగుతుంది. నశించే రూపం మీద ఇంతటి మమకారం మోహం కాదా? మోహమో, ఉపాసనయో నిర్ణయించేది వస్తువు కాదు, దృష్టి. ఆ యువకులలో కొందరు బండి సమీపిస్తుండగా కెమెరా కంటికి ఆనించి, బండి వెళ్ళిపోయేవరకు తెర తప్ప వేరేమీ చూడరు. వారికి చిత్రం దక్కుతుంది, దర్శనం దక్కదు. మరికొందరు ఒక్క చిత్రం తీసి, కెమెరా దించి, చెవులతో, కన్నులతో, పాదాల కింద కంపించే నేలతో ఆ యంత్రాన్ని గ్రహిస్తారు. దేవాలయాలలోనూ ఈ రెండు విధాల వారూ ఉన్నారు. హారతి వెలుగులో స్వామి ముఖం ప్రకాశించే ఆ కొద్ది క్షణాలలో ఎన్ని చేతులు జోడించి ఉంటున్నాయి, ఎన్ని చేతులు ఫోను ఎత్తి ఉంటున్నాయి? రైలు కోసం మూడు గంటలు ఓపికగా నిలిచినవాని ఏకాగ్రత, స్వామి ముందు మూడు నిమిషాలు నిలవలేని భక్తునికి గురుస్థానం వహించదగినది.

ఈ యంత్రపు పొగలోనూ ఒక పాఠమున్నది. పొగను చూసి నిప్పును ఊహించడం నైయాయికుల ప్రసిద్ధ దృష్టాంతం. లోకోపైలట్ ఒక్కసారిగా శక్తి పెంచినప్పుడు ఇంధనం వెంటనే సిలిండర్లలోకి చేరుతుంది. దానికి తగిన గాలిని అందించే టర్బో మాత్రం కొంత ఆలస్యంగా వేగం అందుకుంటుంది. ఆ వ్యవధిలో దహనం అసంపూర్ణమై నల్లని పొగ ఎగజిమ్ముతుంది. అభిమానులు ఎదురుచూసే దృశ్యం అదే. మనస్సులోనూ అంతే. ఉత్సాహం ముందు వచ్చి, వివేకం వెనుక వస్తే ఆ నడిమి కాలమంతా పొగయే. మంచి చిత్రం కోసం ప్లాట్‌ఫారం అంచు దాటి పట్టాల మీద కాలు మోపేవాడు ఆ పొగలోనే ఉన్నాడు. అది 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం. అంతకుమించి, కన్నవారికి తీరని శోకం కలిగించగల అధర్మం. రక్తిలో నిగ్రహం ఉన్నంతవరకే అది ఉపాసన. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, ఇంద్రియాలను అశ్వాలని, బుద్ధిని సారథి అని చెప్పిన ఉద్దేశం ఇదే.

మరి ఆ రూపం నిజంగా వెళ్ళిపోయిననాడు ఏమి చేయాలి? ఆగమశాస్త్రం దీనికి మార్గం చూపింది. బింబం జీర్ణమైనప్పుడు అందలి కళను కలశంలోకి ఆకర్షించి, బాలాలయంలో ఆరాధన సాగించి, జీర్ణోద్ధరణ పిదప పునఃప్రతిష్ఠ చేస్తారు. బింబం నిరాదరణకు గురికాదు. బింబమే దైవమని భ్రమపడటమూ ఉండదు. 2018లో వారణాసి కర్మాగారం పాత డీజిల్ ఇంజన్లను విద్యుత్ ఇంజనుగా మార్చింది. 2019 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి దానికి పచ్చజెండా ఊపారు. లోపలి డీజిల్ యంత్రం తొలగింది, చట్రం నిలిచింది, అందులో వేరొక శక్తి ప్రవేశించింది. పరకాయప్రవేశమంటే కథ మాత్రమే అనుకునేవారు ఈ ఉదాహరణను ఒకసారి మననం చేయవచ్చు.

కనుక నశ్వరమైనదాన్ని ప్రేమించడం దోషం కాదు. దాన్ని పట్టి బంధించగలమని నమ్మడమే దోషం. ఛాయాచిత్రం ఆ రూపానికి ప్రతీక. ప్రతీక ద్వారా స్మరణ కలిగితే అది సాధనం, స్మరణను తానే మింగివేస్తే అది బంధం. కదిలే దృశ్యాన్ని కదలనిచ్చి, కదలని ద్రష్టగా నిలిచినవానికి ప్లాట్‌ఫారమూ గర్భాలయ ద్వారమూ ఒకే పాఠం చెబుతాయి. రేపటి హారతి వేళ ఫోను సంచిలో ఉంచి, చేతులు జోడించి, కన్నులారా చూద్దాం.

స్వస్తి.