తగినంత అంటే ఎంత?

పియానో అనగానే మనకి పాత సినిమాలే గుర్తొస్తాయి కదూ! హీరోయిన్ పుట్టినరోజు పార్టీ, కోటు వేసుకున్న హీరో, నల్లగా నిగనిగలాడే పియానో. పాట అయిపోగానే పియానో సంగతీ మర్చిపోతాం. నేనూ అంతే. మా అమ్మాయి చిన్నప్పుడు సికింద్రాబాదులో ఒక టీచరుగారి దగ్గర పియానో నేర్చుకునేది. అది ఇంజనీరింగుకి బెంగుళూరు వెళ్ళిపోయాక, ఇంట్లో దాని కీబోర్డు దుమ్ము పట్టిపోతుంటే చూడలేక, నలభై నాలుగో ఏట నేనే వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. పిల్లలందరూ ఆవిణ్ణి ‘మిస్’ అంటారు. నేనూ అలాగే అంటున్నాను.

ఈమధ్య నాకిచ్చిన పాఠం ఒక మినియెట్. అంటే ఒకటి-రెండు-మూడు లెక్కతో నడిచే పాతకాలపు నాట్యం పాట. పియానో నేర్చుకునే పిల్లలుంటే మీ ఇంట్లోనూ ఇది మోగే ఉంటుంది. చాలాకాలం దీన్ని జర్మనీ విద్వాంసుడు బాఖ్ రాశాడనే అనుకున్నారు. కాదనీ, డ్రెస్డెన్‌లో ఆర్గన్ వాయించే పెట్‌జోల్డ్ అనే ఆయన రాశాడనీ 1970లలో తేలింది. మరి బాఖ్ పేరు ఎందుకొచ్చిందీ అంటే, అది దొరికింది ఆయన రెండో భార్య అన్నా మాగ్దలేనా నోటుపుస్తకంలో. 1725లో మొదలుపెట్టిన పుస్తకం అది. మనం వంటల పుస్తకంలో ఆవకాయ కొలతలు రాసుకుంటాం, ఎవరు చెప్పారో రాసుకోం చూడండి, ఇదీ అలాంటిదే. పాట ఉంది, పేరు లేదు.

ఆవిడ కొలువులో జీతానికి పాడిన గాయని. పదమూడు మంది పిల్లల్ని కంది, అందులో ఏడుగురు చిన్నతనంలోనే పోయారు. అయినా ఆ పుస్తకంలో ఎక్కువ భాగం ఆవిడ చేతిరాతే. ఎప్పుడు తీరిక చేసుకుని రాసిందో అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అసలు సంగతికి వస్తాను. ఆ మినియెట్‌లో స్వరాలైతే ఉన్నాయి గానీ, ఎంత వేగంగా వాయించాలో, ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా వాయించాలో రాసి లేదు. అచ్చు పుస్తకాల్లో కనబడే గుర్తులు చాలావరకు తర్వాతివాళ్ళు చేర్చినవే. ‘ఉప్పు తగినంత’ అని రాసి వదిలేసినట్టన్నమాట.

ఎందుకలా? 1600 నుంచి 1750 దాకా నడిచిన ఆ కాలాన్ని బరోక్ కాలం అంటారు. అప్పటి ఇళ్ళలో, కొలువుల్లో ఎక్కువగా మోగింది హార్ప్సికార్డ్. చూడ్డానికి పియానోలాగే ఉంటుంది గానీ, మెట్టు నొక్కితే లోపల పక్షి ఈకతో చేసిన చిన్న ములుకు తీగని మీటుతుంది, మనం వీణ మీటినట్టు. తేడా ఏమిటంటే, వేలు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా మోత దాదాపు ఒక్కటే. పియానోలో అలా కాదు, సుత్తి వచ్చి తీగని కొడుతుంది. వేలు ఎంత బలంగా నొక్కితే మోత అంత. దీన్ని ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టొఫొరీ అనే ఆయన 1700 ప్రాంతంలో తయారుచేశాడు. దాని పేరే ‘మెల్లగా, గట్టిగా’ అన్న రెండు ఇటాలియన్ మాటల నుంచి వచ్చింది. అది ఇంటింటికీ చేరేసరికి బరోక్ కాలం అయిపోయింది.

అందుకే ఈ పాతపాటల్ని ఇప్పటి పియానో మీద వాయించాలంటే అడుగడుగునా ఓ నిర్ణయం. మొదటిది పెడల్. కుడికాలితో అది తొక్కితే, తీగల మోత ఆపే మెత్తలు పైకి లేచి స్వరాలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. హార్ప్సికార్డ్‌కి అలాంటి పెడల్ లేదు. ఈ పాటల్లో ఏ స్వరానికా స్వరం స్పష్టంగా వినబడాలి. పెడల్ తొక్కేస్తే సాంబారూ మజ్జిగా కలిపి వడ్డించినట్టే. రెండోది, స్వరాలని కలపాలా, విడగొట్టాలా అన్నది. చిన్న స్వరాలని కలిపి, పెద్ద స్వరాలని కాస్త విడదీసి వాయిస్తే నాట్యం నడక వస్తుంది. మూడోది ఎడమచెయ్యి. సినిమా పాటలో ఎడమచెయ్యి తాళం వేస్తూ కుడిచేతికి ఊడిగం చేస్తుంది. ఇక్కడ అది కూడా పాడుతుంది. ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నాలుగోది, ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయించాలి, మరి రెండోసారి కూడా అలాగేనా?

ఇవన్నీ చెప్పి, మిస్ పుస్తకం మూసేసి, “మీకెలా కావాలి?” అని అడిగారు.

నాకు నోట మాట రాలేదండీ. మామగారికి ఉప్పు తక్కువుండాలి, మావారికి కారం తగలాలి, అమ్మాయి ప్లేటులో వంకాయ కనబడకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఎవరికేం కావాలో నిద్రలో లేపినా చెప్తాను. నాకెలా కావాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. “మీరెలా చెప్తే అలా వాయిస్తాను” అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “వారం టైమిస్తాను, ఆలోచించుకుని రండి” అన్నారు.

మా అమ్మాయికి ఫోన్ చేస్తే, “అమ్మా, ఇది విను” అని కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ రికార్డులు రెండు పంపింది. బాఖ్ 1741లో అచ్చు వేయించిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’. రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసం రాసింది. పియానోకి ఒకటే వరస కాబట్టి కొన్నిచోట్ల రెండు చేతులూ ఒకదానికొకటి అడ్డం పడతాయి, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళలాగా. దీన్ని గూల్డ్ 1955లో, ఇరవై రెండేళ్ళ వయసులో సుమారు 38 నిమిషాల్లో వాయించాడు. మళ్ళీ 1981లో, నలభై ఎనిమిదేళ్ళప్పుడు, 51 నిమిషాలు. మొదట వదిలేసిన పునరావృతాలు రెండోసారి కొన్ని చేర్చాడు, నడకలూ మార్చాడు. అదే మనిషి, అవే స్వరాలు. మొదటిదాన్లో పరుగుంది, రెండోదాన్లో ఆగి చూడటం ఉంది. ఏది సరైనదీ అంటే ఏం చెప్తాం? రెండిట్లోనూ ఒక స్వరం ఇంకోదాన్ని మింగెయ్యలేదు. హద్దు అదే, ఆ తర్వాతది మన ఇష్టం.

వారం తర్వాత మిస్ దగ్గర వాయించాను. పెడల్ తొక్కలేదు. మొదటిసారి రెండు చేతులూ సమానంగా. రెండోసారి కుడిచేతిని తగ్గించి ఎడమచేతిని కాస్త ముందుకి తెచ్చాను. “ఎందుకలా?” అన్నారు. “మొదటిసారి అందరూ పైపాటే వింటారు మిస్. రెండోసారైనా కిందిది వినబడాలి కదా” అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “నేనైతే అలా చెయ్యను. కానీ మీ కారణం నాకు వినబడింది. అలాగే ఉంచండి” అన్నారు.

ఇంటికొచ్చి మావారికి వినిపిస్తే పేపర్లోంచి తలెత్తి, “బానే ఉంది, రెండుసార్లూ ఒకేలా ఉందే” అన్నారు. ఉండనివ్వండి!

మీ పిల్లలు పియానో నేర్చుకుంటుంటే ఇవి చేయించి చూడండి. పాతపాటల్ని మొదట పెడల్ లేకుండానే వాయించమనండి. ఎడమచేతి భాగాన్ని విడిగా, పాటలా పాడించండి. ఇంట్లో ఉన్నది ఎలక్ట్రానిక్ కీబోర్డయితే చాలావాటిలో హార్ప్సికార్డ్ మోత కూడా ఉంటుంది. అది పెట్టి ఒకసారి, పియానో మోతతో ఒకసారి వాయించమనండి, పైన చెప్పిందంతా చెవికే తెలుస్తుంది. ఆ తర్వాత “నీకెలా కావాలి?” అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే తొందరపెట్టకండి, వారం టైమివ్వండి. వీలైతే ఆ ప్రశ్న మిమ్మల్ని మీరూ ఒకసారి అడుక్కోండి, పియానో లేకపోయినా సరే!