కోపానికీ మాటకూ నడుమ



కోపం వలన కలిగే కీడును చెప్పే సుమతీ శతక పద్యాన్ని ఏళ్ల తరబడి పిల్లలచేత వల్లెవేయించినవాణ్ణి. ఆ పద్యం ఫలితాన్ని చెబుతుంది. కోపం వచ్చిన క్షణంలో నోటితో, చేతులతో, ఊపిరితో ఏమి చేయాలో చెప్పడం దాని పని కాదు. అది చెప్పే విద్య వేరే ఉన్నదనీ, ఈత నేర్చినట్లు దానిని నేర్చుకోవచ్చుననీ మా మేనల్లుడి మూలంగా తెలుసుకున్నాను. అతని అనుమతితోనే ఈ టపా వ్రాస్తున్నాను.

అతనిది పర్చూరు వైపు పల్లె. ఇంటి దగ్గర నల్లరేగడి చేలలో పత్తి, మిరప. తాను గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. వయసు ముప్పై ఎనిమిది. తెలివికి లోటు లేదు. మరపు, ఆలస్యం, సగంలో విడిచిన పనులు చిన్ననాటినుండీ ఉన్నవే. వాటికంటె కోపం ఎక్కువ నష్టం చేసింది. కాటా దగ్గర ఒక రైతు తన టిక్కీలలో తాలుకాయ లేదని వాదిస్తే, నలుగురిలో నోరు జారాడు. మరుసటి ఏడు ఆ రైతు సరుకును వేరే కొట్టుకు తోలాడు. అంతకంటె బాధాకరమైన సంగతి ఇంట్లో జరిగింది. తండ్రి బండి చప్పుడు వినగానే పదేళ్ల కూతురు పుస్తకం పట్టుకొని పెరట్లోకి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. అది గమనించి తానే మానసిక వైద్యుని వద్దకు వెళ్లాడు. ఏడీహెచ్‌డీ అని తేలింది.

అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో ప్రకటించిన వర్గీకరణ ప్రకారం దీని లక్షణాలు కొన్నైనా పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి. అయితే పెద్దయ్యాక అవి పోతాయన్న నియమం లేదు. ఉద్వేగం అదుపు తప్పడం ఆ ప్రధాన లక్షణాల పట్టికలో లేకపోయినా, పెద్దవారిలో చాలామందిని బాధించేది అదే. భావం త్వరగా పుడుతుంది, తీవ్రంగా ఉంటుంది. ఆగి ఆలోచించే శక్తి ఆ వేళకు అందదు. మా పండితుల భాషలో చెప్పాలంటే, ఉత్తునకు అచ్చు పరమైతే సంధి నిత్యం కదా! అతని కోపానికీ మాటకూ సంధి అలా నిత్యం. చికిత్స దానిని ఏమ్యాదుల ఇకార సంధివలె వైకల్పికం చేస్తుంది. కలపనూవచ్చు, విడువనూవచ్చు.

ఈ అభ్యాసాలలో చాలావాటికి మూలం మార్షా లైనహన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. తీవ్రమైన ఉద్వేగాలతో, ఆత్మహత్యాయత్నాలతో సతమతమయ్యేవారి కోసం ఆమె కూర్చిన ఈ పద్ధతి 1993లో గ్రంథరూపం పొందింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ వైద్యులు దానిని ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దలకు అనువుగా మలచి, 2002లో తొలి ఫలితాలను ప్రకటించారు.

మా వాడికి నేర్పినవి నాలుగు. మొదటిది గుర్తుపట్టడం: చెవులు వేడెక్కడం, దవడ బిగియడం అతనికి తొలి సూచనలు. రెండవది ఆగడం: పెదవి కదపకుండా ఒక అడుగు వెనక్కు వేసి, లోపలా బయటా ఏమి జరుగుతున్నదో చూచి, ఆ తర్వాతనే మాట. ఆవేశం మరీ పొంగితే ముఖాన చన్నీళ్లు, పీల్చినదానికంటె నిదానంగా ఊపిరి విడవడం. (గుండెజబ్బు ఉన్నవారు చన్నీళ్ల సంగతి వైద్యుణ్ణి అడిగి మరీ చేయాలి.) మూడవది జరిగినదానినీ ఊహించినదానినీ వేరుచేయడం: రైతు ఫోను ఎత్తలేదన్నది జరిగినది, తనను లెక్కచేయలేదన్నది ఊహ. నాలుగవది, కోపానికి తగిన కారణం లేదని తేలితే దానికి ఎదురు నడవడం: గొంతు పెంచాలనిపిస్తే తగ్గించడం, మీదికి వెళ్లాలనిపిస్తే పక్కన కూర్చోవడం.

ఇందులో చిక్కు ఒకటున్నది. మరపు ఉన్నవాడికి అవసరమైన క్షణంలోనే ఇవి గుర్తురావు. అందుకని వీటిని ప్రశాంతంగా ఉన్నప్పుడే రోజూ సాధన చేయాలి, కంటికి కనబడేచోట వ్రాసి ఉంచాలి. కాటా పుస్తకం అట్ట లోపల అతను నాలుగు మాటలు అంటించుకున్నాడు. భార్యతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఎవరైనా "పది నిమిషాలు" అంటే వాదన ఆగుతుంది. పది నిమిషాలయ్యాక మళ్లీ వచ్చి కూర్చోవాలి, తప్పించుకోరాదు. వేళకు భోజనం, నిద్ర కూడా చికిత్సలో భాగమే. మందులు వాడుతూనే ఉన్నాడు. వాటికి ఇది ప్రత్యామ్నాయం కాదు. 2010లో జామా పత్రికలో వచ్చిన స్టీవెన్ సాఫ్రెన్ బృందపు పరిశోధనలోనూ, మందులు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మందిలో, ఆలోచననూ ప్రవర్తననూ దిద్దే శిక్షణ పొందినవారికి విశ్రాంతి పద్ధతులు నేర్చినవారికంటె ఎక్కువ మేలు కలిగింది.

"మావయ్యా, కోపం వస్తూనే ఉంది. కాకపోతే, వస్తోందని ఇప్పుడు నాకే ముందు తెలుస్తోంది" అన్నాడు ఆమధ్య. కూతురు ఇప్పటికీ ఒక్కొక్కసారి పెరట్లోకి వెళుతూనే ఉన్నది. పిలిచి బలవంతపెట్టవద్దని, తాను మారి చూపించమని వైద్యుని సలహా. అతను అదే చేస్తున్నాడు.

ఇటువంటి బాధ ఉన్నవారు 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నెంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు.

చివరగా మిత్రులకొక ప్రశ్న. ఈ విద్యకు తెలుగులో ఏమి పేరు పెడదాం? నిగ్రహమంటే అణచివేయడమనే అర్థం వస్తున్నది. ఇక్కడ జరిగేది చేలో మడవ తిప్పడం వంటిది: నీరు ఆగదు, దారి మారుతుంది. "ఉద్వేగ నిర్వహణ" అని నా ప్రతిపాదన. ఇంతకంటె మంచి మాట తోస్తే తెలియజేయగలరు.