మైపాడు నుంచి ఉదయగిరికి, ఎర్రచందనం దారిలో

చెన్నైలో ఉండే మా ప్రాంతం వాళ్ళు సంక్రాంతికి ఊరికి పోవాలంటే గూడూరు మీదుగా నెల్లూరు చేరి, నేరుగా బొంబాయి రోడ్డు పట్టుకుంటారు. ఈసారి ఆ తొందర వద్దనుకున్నాను. నెల్లూరులో బండి తూర్పుకు తిప్పి మైపాడు పోయి, సముద్రాన్ని కళ్ళారా చూసుకుని, అక్కణ్ణుంచి ఉదయగిరికి బయల్దేరాను.

మైపాడు వదిలితే సరుగుడు తోటలు, ఆపైన రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే ఏరేటర్ల మోత. నెల్లూరు దాటాక బుచ్చిరెడ్డిపాళెం చుట్టూ కనుచూపు మేర వరి. సంగం దగ్గర ఆగకుండా పోవడం నావల్ల కాదు. పెన్న మీద 1880లలో కట్టిన పాత ఆనకట్ట బదులు కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. గట్టు మీద నిలబడి పడమరకు చూస్తే నీలంగా కొండల వరస లీలగా కనిపిస్తుంది. మా ఊరు అటే.

ఆత్మకూరులో టీ తాగాను. బస్టాండు నిండా ఏఎస్ పేట దర్గాకు పోయే కుటుంబాలు. ఇక్కడితో డెల్టా పచ్చదనం అయిపోతుంది. ఎగువన సోమశిలలో 78 టీఎంసీల జలాశయం ఉన్నా మెట్టలో చాలా చేలు ఇంకా వాన కోసమే చూస్తాయి. నేల ఎర్రబడుతుంది, రాళ్ళు తేలతాయి, ఊళ్ళు దూరమవుతాయి. నాకైతే ప్రయాణం ఇక్కడే మొదలైనట్టుంటుంది.

ఉదయగిరి ఇంకా కొంత దూరం ఉందనగా, అడవి అంచున రోడ్డు పక్కనే ఉన్న ఒక చెట్టు కోసం ఆగాను. ఎర్రచందనం. బెరడు నల్లగా, పలకలు పలకలుగా చీలి, అచ్చం మొసలి వీపులా ఉంది. ఆకుకు మూడేసి రేకలు, గుండ్రంగా, కొసన చిన్న నొక్కుతో. కొమ్మలకు ఎండిన కాయలు వేలాడుతున్నాయి: నడుమ విత్తనం ఉబ్బు, చుట్టూ పలుచటి రెక్క. గాలికి ఎగరడానికే ఆ రెక్క. ఎరుపు ఎక్కడా కనిపించదు. అది లోపలి చేవలో ఉంటుంది. ఆ చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది.

మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగాడు.

"ఏంది నాయనా, చెట్టు చూసేదానికే బండి ఆపినావా?"

"అవును తాతా."

"చూడు, చూడు. దుంగ చూసినోళ్ళే గానీ చెట్టు చూసినోళ్ళు తక్కువ."

ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఎర్రచందనం అనగానే మనకు పోలీసులు పట్టుకున్న దుంగలు, వాటి వెనక నిలబెట్టిన కూలీల ఫొటోలే గుర్తొస్తాయి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అందులో మా వెలిగొండలు ఒక భాగం. దీని కర్రతో జపానులో షామిసెన్ అనే తీగల వాద్యానికి మెడ చేస్తారు. 1995 నుంచి ఇది అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలు పెట్టే సైట్స్ ఒప్పందం జాబితాలో ఉంది. చెట్లు చూడడానికే జనం పోయే చోట్లూ ఉన్నాయి. కాలిఫోర్నియా తీరం వెంట రెడ్‌వుడ్ అనే ఎత్తైన చెట్ల మధ్య కారు నడిపిన మా పిన్ని కొడుకు ఆ ఫొటోలు పంపుతుంటాడు. ఆ చెట్లలో అన్నిటికన్నా పొడవైనది సుమారు 380 అడుగులు. అక్కడ 1968లో జాతీయ పార్కు ఏర్పడేసరికే పాత అడవిలో ఎక్కువ భాగం నరికేశారు. మాది అంత ఎత్తు చెట్టు కాదు. అయినా అది నిలబడి ఉండగా చూడడానికి జనం రావాలని నా కోరిక.

ఉదయగిరి చేరేసరికి పొద్దు వాలుతోంది. 3079 అడుగుల కొండ మీద కోట. గజపతుల చేతిలోంచి దీన్ని తీసుకోవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి పట్టింది. 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. కొండ కింద ఊళ్ళో ఇప్పటికీ కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతారు. వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. వాడేది ఎర్రచందనం కాదు, నర్ది లాంటి మెత్తటి కర్రలు. అమ్మ కోసం రెండు గరిటెలు కొన్నాను.

అటవీశాఖ వారు కొండ మొదట్లో చిన్న కాలిబాట వేసి, చెట్ల పక్కన పేర్ల పలకలు పెట్టి, ఈ గరిటెల వాళ్ళకు అక్కడే అంగడి చూపిస్తే ఎంత బాగుంటుంది! అప్పటిదాకా ఆగనక్కర్లేదు, మైపాడు నుంచి ఉదయగిరి ఒక పూట ప్రయాణం. ఎండలు ముదిరితే ఆకు రాలిపోతుంది, మాఘం లోపలే రండి. కోట ఎక్కాలనుకుంటే తెల్లారకముందే బయల్దేరండి, నీళ్ళు కింది నుంచే మోసుకుపోవాలి.