సారథ్యము

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు తన క్రొత్త కారులో మమ్ము రాజమహేంద్రవరమునుండి కాకినాడకు తీసికొనిపోయెను. వెనుకసీటున వాని బిడ్డలిద్దరు నిద్రించుచుండిరి. త్రోవలో బండి తెల్లగీతను దాటబోవ, స్టీరింగు చక్రము తనంతట తానే యించుక తిరిగి బండిని సరిజేసెను. “భయపడకండి మామయ్యా! కంప్యూటరు చూచుకొనుచున్నది” అని వాడు నవ్వెను. మేమును నవ్వితిమి గాని మనస్సు కుదుటపడలేదు.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను చెప్పినది. నేడు సారథికిని పగ్గమునకును నడుమ వేరొకరి బుద్ధి ప్రవేశించినది. ఎవరో యెచ్చటనో కూర్చుండి వ్రాసిపెట్టిన యాజ్ఞల వరుసయే సాఫ్టువేరు.

క్రొత్తది గనుక కూడదనుట మా మతము కాదు. చక్రములు బిగుసుకొని జారకుండ, సెకనులో పలుమారులు బ్రేకును వదలి పట్టు యంత్రము మానవపాదమునకు సాధ్యముకాని పని చేయుచున్నది. 2019 ఏప్రిలునుండి మన దేశమున అమ్మబడు క్రొత్త కార్లకు దానిని విధిగా నేర్పరచుట మంచిదే.

అయినను ఇనుములోని దోషమునకును వ్రాతలోని దోషమునకును భేదము కలదు. కమ్మరి యిరుసును చెడగొట్టిన నొక్క బండియే చెడును. తాళపత్రమును ప్రతివ్రాసినవాని తప్పు తరువాతి ప్రతులన్నిటికిని ప్రాకునట్లు, సాఫ్టువేరులోని తప్పు బండ్లన్నిటను ఒక్కసారియే యుండును. గతుకుల త్రోవలను, జారుడు త్రోవలను బ్రేకు క్షణకాలము పట్టు సడలుచున్నదని, 2010 ఫిబ్రవరిలో టొయోటావారు ప్రియస్ మొదలగు నాలుగు లక్షలకు పైబడిన కార్లను వెనుకకు పిలిపించిరి. వారు మార్చినది ఇనుమును గాదు, ఆజ్ఞలను. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను పరిశోధకులు అమెరికాలో నొక జీపుకారును దూరమునుండియే సెల్ఫోను సంకేతములచే వశపరచుకొని, మెల్లగా పోవునపుడు బ్రేకులు పట్టకుండ జేసి చూపిరి. తత్ఫలితముగా 14 లక్షల బండ్లను సరిదిద్దవలసివచ్చెను.

తప్పు జరుగుననియే తలంచి కట్టిన బండియు కలదు. 2013లో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ50లో, చేతిలోని చక్రము చెప్పుమాట నేలమీది చక్రములకు విద్యుత్సంకేతముగా పోవును. మూడు కంప్యూటర్లు దానిని కాచుచుండును. అవియు విఫలమైనచో నొక క్లచ్చు పడి, ఉక్కుకడ్డీ రెంటిని కలుపును. తన బుద్ధియు తప్పవచ్చునని యెరిగి చేసిన యిట్టి యేర్పాటునే మేము వివేక మందుము.

పెద్దలు చెప్పినారని యాచారమును నమ్మరాదని పిల్లలకు బోధించు మనము, కంపెనీ చెప్పినదని యంత్రమును నమ్ముట తగునా? కారు కొనబోవు గృహస్థు అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఇది విఫలమైన నా పాదముక్రింద ఏమి మిగులును? దీనిని తయారుచేసినవారు గాక మరి యెవరు పరీక్షించిరి? తప్పు బయటపడిన నాకెట్లు తెలియును?

కాకినాడలో దిగి మేమివి యడిగితిమి. మేనల్లునకు తెలియలేదు. బండి రంగు నెన్నుకొనుటకు మాత్రము మూడు వారములు పట్టినదట. తిరుగు ప్రయాణమునకు ముందు వాడు బండితో నిచ్చిన పుస్తకమును మొదటిసారి తెరచెను. త్రోవపొడుగున వాని రెండు చేతులును చక్రముమీదనే యుండెను.