మొదటి విల్లు

గోదావరికి ఆవల భద్రాద్రి రామునికి నాలుగు చేతులు. రెండింట శంఖచక్రాలు, రెండింట విల్లూ బాణమూ. ఈవల మా మణుగూరు చుట్టుపట్ల కోయగూడేలలో విల్లు ఇంటి చూరుకింద వేలాడేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో అదీ లేదు. బొగ్గు గనులు, అశ్వాపురం భారజల కర్మాగారం, లారీల రొద, వీటి నడుమ పెరిగిన పిల్లలకు విల్లంటే సినిమాలోనో, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవపు ఊరేగింపులోనో కనబడే వస్తువు.

ఇటువంటి చోట ఉండే నన్ను, టెక్సాసులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు ఒక ప్రశ్న అడిగాడు. "మామయ్యా, ఇక్కడ శరత్కాలంలో జింకల వేటకు విల్లు పట్టుకుని వెళ్తారు. తోటివాళ్ళు నన్నూ రమ్మంటున్నారు. 70 పౌన్ల కాంపౌండు విల్లు ఒకటి చూసి ఉంచాను. కొనమంటావా?" కోయల పొరుగున ఉన్నవాడికి విలువిద్య గాలిలోనే అబ్బుతుందని వాడి నమ్మకం కాబోలు! నాకు తెలిసినదల్లా కొంత చూసినదీ, కొంత అడిగి తెలుసుకున్నదీ, మిగిలినది చదివినదీ. వాడికి రాసిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను.

నాకు పరిచయమున్న కోయ పెద్దాయన ఒకరు విల్లు చేసిపెట్టమంటే, ఎవరికని అడుగుతారే గాని దేనిని కొట్టడానికని అడగరు. పిల్లవాడికైతే సన్నని వెదురు, ఈడు వచ్చినవాడికి దళసరిది. చేయి చాపించి చూస్తారు, భుజం తట్టి చూస్తారు, వెదురు ఏరడం ఆ తరువాత. అమెరికా దుకాణాలవారు చెప్పే శాస్త్రమంతా ఈ మర్యాదలోనే ఉన్నదని నాకనిపించింది.

పౌన్లంటే అల్లెతాడును చెవిదాకా లాగడానికి కావలసిన బలం. సాధారణంగా 28 అంగుళాలు లాగినప్పటి లెక్క విల్లుమీద రాసి ఉంటుంది. చేతులు బార చాపి, ఈ కొన నుండి ఆ కొనకు కొలిచి, దానిని 2.5తో భాగిస్తే మన లాగుడు పొడవు ఇంచుమించుగా తేలుతుంది. మావాడి బార 68 అంగుళాలు. అంటే సుమారు 27. ఇక బలం. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలనుండి ఎత్తి, వింటిని ఆకాశానికి ఎత్తకుండా ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా లాగగలగాలి. ఒళ్ళంతా మెలికలు తిరిగితే ఆ విల్లు మనది కాదు. కొత్తవాడికి 20, 25 పౌన్ల రికర్వు చాలు. దబ్బలు విప్పి మార్చుకోగల రకమైతే, భుజం ముదిరినకొద్దీ బరువైన దబ్బలు తగిలించుకోవచ్చు. నడిమి పిడి అదే ఉంటుంది.

కాంపౌండు వింటికి కొసలలో చక్రాలుంటాయి. పూర్తిగా లాగాక బరువులో మూడొంతులకు పైగా దిగిపోతుంది గనుక గురిచూస్తూ నిలబడడం సులువు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచినది ఈ వింటితోనే. వేటకు అక్కడ ఎక్కువమంది వాడేదీ ఇదే. దానిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ సులువు తొలి రోజులలో మన తప్పులను కప్పిపుచ్చుతుందని నా అభిప్రాయం.

వింటికన్నా బాణం మీద శ్రద్ధ పెట్టమన్నాను. మరీ మెత్తని కాడ వంకరపోతుంది, మరీ బిరుసైనది పక్కకు తొలగుతుంది. వింటి బలానికీ బాణపు పొడవుకూ తగిన కాడ ఏదో పట్టికలో చూసి కొనాలి. మరీ తేలికపాటిది వేస్తే దెబ్బ వింటికే తగులుతుంది. బాణం లేకుండా అల్లెతాడు లాగి వదలడం అసలే కూడదు, దబ్బ పగులుతుంది. (సినిమాలలో ధనుష్టంకారం చేసే వీరులను చూసి ముచ్చటపడిన తరం మాది. మన్నించాలి.) వేళ్ళకు తోలు తొడుగు, ముంజేతికి కాపు, రెండూ మొదటి రోజునే ఉండాలి. ఏ కన్ను బలమైనదో చూసుకుని, దానినిబట్టే ఎడమచేతి విల్లా కుడిచేతి విల్లా అన్నది తేల్చుకోవాలి.

చెట్టుమీద కట్టుకునే వేటమచ్చులు అక్కడ అమ్ముతారు. మన మంచెలే. విల్లు పట్టిన వేటగాళ్ళకు తగిలే పెద్ద గాయాలలో చాలామటుకు వాటిమీదనుండి పడి తగిలినవేనట. కనుక వింటికి పెట్టే డబ్బులో కొంత ఒళ్ళంతటినీ పట్టి ఉంచే రక్షణ పట్టీకి పెట్టమన్నాను.

ఇక నేను ఆలోచించిన సంగతి వేరే ఉంది. 1972లో అమెరికా వారు విల్లంబులమీద 11 శాతం పన్ను వేసి, ఆ సొమ్మును వన్యప్రాణుల సంరక్షణకు మళ్ళించేలా చట్టం చేశారు. అదే 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అక్కడ వింటికి లైసెన్సు, ఋతువు, హద్దు ఏర్పడ్డాయి. ఇక్కడ వేట నేరమైంది. అడవి మిగలాలంటే మనకు అంతకన్నా దారి లేదనే నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే విత్తనాల పండుగకు మగవాళ్ళంతా విల్లంబులతో అడవికి వెళ్ళే ఆచారమున్న జాతికి ఆ గీత ఒక్కసారిగా ఇంటిముందే పడింది.

వేట మాత్రం ఆగిందా? అడవి పందుల బెడదకని చేల గట్లమీద కరెంటు తీగలు పరుస్తున్నారు. రాత్రివేళ ఆ తీగలకు పందులే కాదు, పశువులూ, మనుషులూ బలి అవుతున్నారు. విల్లు పట్టినవాడు బాగా దగ్గరకు వచ్చి, దేనిని కొడుతున్నాడో కళ్ళారా చూడాలి. గురి కుదరకపోతే తాడు వదలకుండా దించాలి. తీగకు కళ్ళు లేవు. పెద్దాయన దగ్గర ఈ మాటెత్తితే ఏమీ అనలేదు. వెదురు పేడు గీకుతూ ఉండిపోయారు. ఇప్పుడాయన చేసే విల్లులలో చాలామటుకు ఊరేగింపుల కోసం అడిగి తీసుకుపోయేవే. వాటికీ బిగువు సరిచూసే ఇస్తారు.

ఇదంతా చదివి మావాడు, "నేనడిగింది ఒక విల్లు పేరు మామయ్యా!" అని నవ్వాడు. చివరకు 25 పౌన్ల రికర్వు కొన్నాడు. వేటగాళ్ళ శిక్షణ తరగతికి పేరు ఇచ్చాడు. ఆ యేటి వేటకాలం వాడు వెళ్ళకుండానే గడిచిపోయింది. ఇప్పుడు వారానికి నాలుగు సాయంత్రాలు గడ్డిమోపుమీద బాణాలు వేస్తున్నాడట. 20 గజాలలో ఆరింట నాలుగు అరచేతి వెడల్పులో పడుతున్నాయట. ఆరూ పడేదాకా ములికి మార్చవద్దన్నాను.