స్పోర్ట్స్ బైక్ మీద కరీంనగర్ నుంచి కేస్లాపూర్ దాకా: నడుం సంగతి, ఎడ్ల సంగతి

పోస్టు జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి. "అన్నా, స్పోర్ట్స్ బైక్ మీద లాంగ్ పోవచ్చా? నడుం నొస్తదా?" అని మన పిల్లలు చాలామంది అడుగుతున్నరు. మేము పోయి వచ్చినం. చూసింది చూసినట్టు రాస్తున్నం.

మేమంటే ఇద్దరం. కరీంనగర్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంద్రవెల్లి మండలంల మావి పక్కపక్క గూడేలు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. అందుకే ఇక్కడ పొడుగోడు, పొట్టోడు అనే రాస్తం. పొట్టోనికి స్పోర్ట్స్ బైక్ అంటే పానం. రెండో సంవత్సరం ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా దాటితే బండి ఇప్పిస్తనని వాళ్ల బాపు మాటిచ్చిండు. వీడు దాటిండు. బాపు కూడా మాట తప్పలేదు. డౌన్ పేమెంట్‌కు ఎడ్ల జత అమ్ముతనన్నడు, మిగిలింది కిస్తీలు.

పుష్య అమావాస్యకు నాగోబా జాతర వచ్చింది. "కొనేముందు ఒకసారి దూరం నడిపి చూద్దాం" అన్నడు పొడుగోడు. ఒక సీనియర్ అన్న తన 150 సీసీ స్పోర్ట్స్ బండి రెండు రోజులకు ఇచ్చిండు. గీత పడొద్దు, పెట్రోలు మనదే. ఇద్దరికి రెండు హెల్మెట్లు అడుక్కొని, పొద్దుగాల ఆరింటికి చలిల బయలెల్లినం.

కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం, వెల్గటూర్ మీదుగ రాయపట్నం వంతెన దాకా నిజంగ మజా వచ్చింది. 70, 80 స్పీడుల బండి రోడ్డును పట్టుకున్నట్టే పోతది. మూల మలుపుల భయం లేదు, బ్రేకులు గట్టిగున్నయి. గోదావరి మీద ఆగి ఫొటోలు దిగినం. "చూసినవా, నడుం నొస్తదని ఊకె అంటరు" అని పొట్టోడు మస్తు ఖుషీ అయిండు.

లక్సెట్టిపేటల చాయ తాగి జన్నారం దాటినంక అసలు కథ మొదలైంది. అది కవ్వాల్ అడవి, 2012ల టైగర్ రిజర్వ్ అయింది. మలుపులు, స్పీడ్ బ్రేకర్లు, అడ్డమొచ్చే పసులు. 40 దాటనీకి లేదు. అక్కడ్నే మాకు ఒక సంగతి సమజైంది. ఈ బండ్ల హ్యాండిల్ కిందికి ఉంటది, కాళ్లు పెట్టే కడ్డీలు ఎనకకు, మీదికి ఉంటయి. మనిషి ముందుకు వంగి కూసుంటడు. స్పీడుల పోతే ఎదురుగాలి ఛాతిని ఆపుతది, చేతుల మీద బరువు తగ్గుతది. మెల్లగ పోతే ఆ గాలి ఉండదు. పై బరువంతా మణికట్ల మీదనే పడుతది. పైంగ గంటకు వందసార్లు క్లచ్చు. ఉట్నూర్ వచ్చేసరికి పొట్టోని చేతివేళ్లు మొద్దుబారినయి.

ఎనక కూసున్న పొడుగోని సంగతి ఇంకా అధ్వానం. ఆ సీటు అరచేయంత, అదీ ఎత్తు మీద. పట్టుకోనీకి ఏం లేదు. బ్రేకు కొట్టినప్పుడల్లా జారి ముందటోని మీద పడుడు. మోకాళ్లు సగం మలిచి దగ్గర దగ్గర 170 కిలోమీటర్లు. ముత్నూర్ కాడ మళ్లి కేస్లాపూర్‌ల దిగినప్పుడు పొడుగోడు కొంచెంసేపు సక్కగ నిలబడలేకపోయిండు.

అక్కడ మర్రిచెట్ల కింద మెస్రం పెద్దలు కూసోని ఉన్నరు. వాళ్లు ప్రతి ఏడు జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచిపోయి, గోదావరి నీళ్లు తెస్తరు గదా. మేము బండి మీద మూలుక్కుంట వచ్చిన అడవినే వాళ్లు కాలినడకన దాటి వచ్చిండ్రు. మా నడుం నొప్పి గురించి అక్కడ నోరు తెరవలేదు.

దర్శనమైనంక సాయంత్రం పొట్టోని ఇంటికి పోయినం. పిల్లలంతా బండి చుట్టు మూగిండ్రు. బాపు వచ్చి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసిండు. "ఎక్కు బాపు, ఒక చక్కర్ కొడ్దాం" అన్నడు పొట్టోడు. బాపుకు మోకాళ్ల నొప్పులు. రెండుసార్లు కాలు లేపిండు, అందలేదు. మూడోసారి పొడుగోడు పట్టుకుంటే ఎక్కిండు. గూడెం చివర మొదటి గుంతల పడంగనే "ఆపు బిడ్డా" అని దిగి, నడుచుకుంట వచ్చిండు. "బండి మంచిగనే ఉంది. నీకు మంచిగుంటది" అన్నడు. అవ్వ నవ్వుకుంట "నన్నెక్కడ కూసోబెడ్తవురా?" అన్నది. చీరె కట్టుకొని ఒక పక్కకు కాళ్లేసి కూసునే మనిషికి దాని మీద జాగనే లేదు.

ఆ రాత్రి బాపు ఎడ్లకు మేత ఏసి చాలాసేపు అక్కడ్నే నిలబడ్డడు. పొలాల అమావాస్యకు కొమ్ములకు రంగులేసిన ఎడ్లు అవి. ఇద్దరం చూసినం. ఏం మాట్లాడుకోలేదు.

తెల్లారి పొట్టోడు "బాపు, ఎడ్లు అమ్మకు. ఇప్పుడు బండి వద్దు" అన్నడు. బాపు సంతోషపడుతడనుకున్నం. ఆయనకు కోపమొచ్చింది. "నేను ఇయ్యలేననుకున్నవా? మాటిచ్చిన గదా" అన్నడు. "నువ్వు మాట నిలబెట్టుకున్నవు బాపు, నేనే ఆగుమంటున్న" అని వీడు ఎంత చెప్పినా మాట్లాడలేదు. మేము ఎల్లేముందు మాత్రం కందుల సంచి తెచ్చి పెట్టిండు. దాన్ని కట్టనీకి బండి మీద యాడా జాగ లేదు. కరీంనగర్ దాకా పొడుగోడు ఒళ్లె పెట్టుకొని వచ్చిండు.

ఇగ మీరు అడిగిన దానికి జవాబు. ఒక్కడే మనిషి, మంచి రోడ్డు, చిన్న బ్యాగు ఉంటే స్పోర్ట్స్ బైక్ మీద 200 కిలోమీటర్లు పోవచ్చు. మోకాళ్లతోని ట్యాంకును గట్టిగ పట్టుకోవాలె, మోచేతులు బిగబట్టొద్దు, 40, 50 కిలోమీటర్లకు ఒకసారి దిగి నడవాలె. ఇద్దరైతే, అడవి దారైతే వద్దు. చీకటి పడ్డంక ఆ దారి అసలే వద్దు. అట్లని ఫెయిరింగ్ ఉన్న బండ్లన్నీ ఒక్కతీరు ఉండయి. 2003ల వచ్చిన 223 సీసీ కరిజ్మా మీద హ్యాండిల్ అంత కిందికి లేదు, దాని మీద దూరాలు తిరిగినోళ్లు మస్తుమంది. 2016ల వచ్చిన హిమాలయన్ లాంటియి దూరానికే చేసిండ్రు, నిటారుగ కూసోవచ్చు. కొనేముందు కూసోని చూడుండ్రి. ఎనక సీటు మీద అవ్వనో బాపునో కూసోబెట్టి కూడా చూడుండ్రి.

ఎందుకంటే మన గూడెంల బండి ఒక్కనిది కాదు. జరమొచ్చినోళ్లను ఉట్నూర్ తీస్కపోయేది అదే, బియ్యం సంచి తెచ్చేది అదే. అందుకు పాత స్ప్లెండరే నయం.

పొట్టోనికి ఆశ పోయిందా అంటే పోలేదు. రోడ్డు మీద అట్లాంటి బండి కనబడితే ఇప్పటికీ మెడ తిప్పి చూస్తడు. నౌకరి వచ్చినంక తన పైసలతోని కొంటనంటడు. కొననీ. బాపు మాత్రం పోయిన వారం ఫోన్ చేసిండు. బండి మాట ఎత్తలేదు, "కందులు వండుకున్నరా?" అని అడిగిండు.

మీ ఇండ్లల్ల ఇసొంటి ముచ్చట జరిగితే కింద రాయండి. జై జంగో, జై లింగో.